లెక్కకు తగ్గిన ఒక మందుపాతర

2002 జనవరిలో, పాకిస్తాన్ సరిహద్దుకు సైన్యాన్ని తరలించిన ఆపరేషన్ పరాక్రమ్ కోసం రాజస్థాన్‌లోని శ్రీగంగానగర్ జిల్లా సరిహద్దు పొలాల్లో మందుపాతరలు పాతుతుండగా నా ఎడమ పాదం పోయింది. నేను సైన్యంలోని ఇంజనీరింగ్ దళమైన మద్రాస్ సాపర్స్‌లో హవల్దారును. పాతడం మా పనే. ఆ తెల్లవారుజామున పొగమంచు దట్టంగా ఉంది. గుర్తు తాడు పక్కకు జరిగిందో, నేనే దారి తప్పానో ఇప్పటికీ తేలలేదు గానీ, ముందు రోజు మా చేతులతో పాతిన చిన్న ప్లాస్టిక్ డబ్బా మీదే కాలు వేశాను.

ఇలాంటి గాయంలో మట్టీ, బూటు ముక్కలూ కండల్లోకి చాలా పైదాకా దూసుకుపోతాయి కనుక, మోకాలి కింద కోసిన తరువాత కూడా వెంటనే కుట్లు వేయలేదు. చీము లేదని నిర్ధారించుకున్నాకే గాయాన్ని మూశారు. లేని పాదం బొటనవేలు మాత్రం రాత్రుళ్ళు మెలితిప్పినట్టు నొప్పి పుట్టేది. తడుముకుంటే చేతికి దుప్పటే తగిలేది.

మార్చిలో నన్ను పుణెలోని కృత్రిమ అవయవ కేంద్రానికి పంపారు. 1944లో, రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా పెట్టిన సంస్థ అది. 1971 యుద్ధంలో కాలు పోగొట్టుకున్న సైనికాధికారి ఇయాన్ కార్డోజో ఆ తరువాత బెటాలియన్‌కూ, బ్రిగేడ్‌కూ నాయకత్వం వహించారని వార్డులో అందరూ చెప్పేవారు. ఆయన మీద గౌరవమే గానీ, గాయం మీద గుడ్డ కూడా ఓర్చుకోలేని రోజుల్లో ఆ కథ వింటే నాకు విసుగు పుట్టేది.

కాలు తొడిగాక అసలు తంటా బూటుతో వచ్చింది. కృత్రిమ పాదాన్ని ఫలానా మడమ ఎత్తుకని అమర్చుతారు. కాన్వాసు బూట్లతో చక్కగా నడిచిన నన్ను మిలిటరీ బూటు మడమ ముందుకు తోసేది, మోకాలు వంగిపోయేది. మళ్ళీ సరిచేయించుకున్నాను. వంగని పాదం బూటులో దిగడానికి దానికి పాలిథిన్ సంచి తొడిగి, పౌడరు చల్లి దూర్చేవాణ్ణి; ఒక్క బూటుకే పావుగంట పట్టేది. వాపు తగ్గేకొద్దీ కాలు సన్నబడి, దాన్ని దూర్చే కృత్రిమ కాలి గిన్నె, అంటే సాకెట్, వదులయ్యేది, దాంతో ఒకటికి రెండు మేజోళ్ళు వేసుకునేవాణ్ణి.

"ఇంకా ఎందుకండీ అక్కడికి?" అని మా ఆవిడ అడిగింది. ఆర్మీలో పని చేసి వచ్చిన మా నాన్న మాత్రం ఏమీ అనకుండా నా రెండు బూట్లూ పాలిష్ చేసి గుమ్మం దగ్గర పెట్టాడు. మెడికల్ బోర్డు నా క్యాటగిరీ తగ్గించి, కూర్చుని చేసే పనికి మాత్రమే అనుమతించింది.

సెప్టెంబరులో యూనిట్‌లో చేరాను. సైన్యం ఇంకా సరిహద్దులోనే ఉంది. నాకు మందుపాతరల రిజిస్టర్లు అప్పగించారు. ఏ వరుసలో ఎన్ని పాతామో తప్పు లేకుండా ఉంటేనే తరువాత తీసేవాడు బతుకుతాడు. ఇసుక జరిగినచోట అదీ పూర్తి భరోసా కాదు. అక్టోబరులో బలగాల ఉపసంహరణ నిర్ణయం వెలువడ్డాక ఆ పేజీలతోనే తీసే పని మొదలైంది.

ఒక సాయంత్రం మా పొలం పేజీ నా బల్ల మీదికి వచ్చింది. మూడో వరుసలో పాతిన వాటికీ, తీసిన వాటికీ ఒకటి తేడా ఉంది. కుర్ర సాపర్ ఒకడు భయంగా, "సాబ్, ఒకటి దొరకలేదు" అన్నాడు. ఇక వెతకొద్దని చెప్పి, ఆ గడిలో "పేలింది" అని రాసి, పక్కన జనవరి తేదీ వేసి సంతకం పెట్టాను.