కసుబి కొండ మీది అడవి

ఆదివారం, కంపాలా.

ఉదయం అమ్మ ఫోన్ చేసి, మా వీధి చివరింటి తాతగారు కాలం చేశారని చెప్పింది. చిన్ననాటి నుంచి వింటున్న 'కాలం చేశారు' అనే ఆ మాటను, మధ్యాహ్నం కసుబి కొండ మీద నిలబడినప్పుడు మొదటిసారి ఆగి ఆలోచించాను.

ఉగాండాలోని బుగాండా రాజ్యపు రాజులైన కబకాలు నలుగురి సమాధులు ఇక్కడ ఉన్నాయి. మొదటి ముతేసా 1882లో కట్టించుకున్న రాజభవనమే 1884లో ఆయన సమాధి మందిరమైంది. మ్వాంగా 1903లో సెషెల్స్ ప్రవాసంలోనూ, రెండవ ముతేసా 1969లో లండన్‌లోనూ కన్నుమూసినా, ఏళ్ళు గడిచాకైనా వారిని ఈ కప్పు కిందికే చేర్చారు. దౌది చ్వా సమాధి కూడా ఇక్కడే ఉంది.

గడ్డి కప్పు నేలను తాకేలా దిగిన ఆ మందిరం, మన కోస్తా ఊళ్ళలోని చుట్టిల్లు ఎన్నో రెట్లు పెరిగినట్లు ఉంటుంది. లోపల పైకప్పుకు 52 వలయాలు ఉంటాయి. అవి బుగాండాలోని 52 వంశాలకు గుర్తులు. వాటి కింద, చెట్టు బెరడుతో చేసిన గుడ్డ తెర వెనుక ఉన్న చోటును 'కిబిరా' అంటారు. ఆ మాటకు అర్థం అడవి. అక్కడ ఒక్క చెట్టయినా లేదు. అయినా అది పవిత్రారణ్యమే, రాజుల ఆత్మలు నివసించే వనమే. నాతో వచ్చిన బుగాండా మిత్రుడు రాజు చనిపోయాడని ఒక్కసారి కూడా అనలేదు, అడవిలోకి వెళ్ళాడనే చెప్పాడు. అతని గొంతులోని గౌరవమే, ఉదయం 'కాలం చేశారు' అన్నప్పుడు అమ్మ గొంతులోనూ ఉందని నాకు తోచింది.

2010 మార్చి 16 రాత్రి ఈ మందిరం కాలిపోయింది. యునెస్కో దీనిని ప్రమాదంలో ఉన్న వారసత్వ స్థలాల జాబితాలో చేర్చి, పునర్నిర్మాణం తర్వాత 2023లో తొలగించింది. కానీ నన్ను ఎక్కువగా కదిలించింది ఆ లెక్క కాదు, కప్పు గడ్డిని పేర్చే పని తరతరాలుగా న్గెయే వంశం వారిదే కావడం. ఇల్లు కాలినా ఆ విద్య వారి చేతుల్లో మిగిలి ఉంది.

తిరిగి వస్తూ ముతుబా చెట్టు ఒకటి చూశాను. తెరల గుడ్డ కోసం దీని బెరడునే ఒలిచి, కొయ్య సుత్తులతో గంటల తరబడి కొట్టి పలుచన చేస్తారు. ఒలిచిన మానుకు అరటి ఆకులు చుట్టి కట్టారు. ఆకుల మాటున కొత్త బెరడు పుడుతుందట. కాసేపు అక్కడే నిలబడ్డాను.