ఒక అంకె, రెండు టైర్లు

మా అమ్మాయి తొమ్మిదో తరగతికి వచ్చింది. హన్మకొండలో మా ఇంటి నుంచి బడి రెండు కిలోమీటర్లు. ఇంటర్ చదివే రోజుల్లో నేను హసన్‌పర్తి నుంచి రోజూ తొక్కిన సైకిలు మేడమెట్ల కింద అలాగే ఉంది. కొత్తది కొందామని ఇంట్లో అన్నారు కానీ నాకు మనసొప్పలేదు. ఫ్రేము గట్టిగా ఉంది, చువ్వలు బాగున్నాయి. వెనుక టైరు మాత్రం పక్కలు పగిలి లోపలి దారాలు బయటికి వచ్చాయి. దాన్ని నా చేతులతోనే మార్చాలనుకున్నాను.

వరంగల్ చౌరస్తా దగ్గర ఒక కొట్టుకు వెళ్లి, "ఇరవై ఆరు టైరు, ట్యూబు ఇవ్వండి" అన్నాను. ఇచ్చారు.

ఆ సాయంత్రం వాకిట్లో కూర్చుని మొదలుపెడితే, టైరు ఒక అంచును రిమ్ములోకి తేవడానికే అరగంట పట్టింది. రెండో అంచు ముప్పాతిక భాగం ఎక్కి, చివరి జానెడు దగ్గర ఆగిపోయింది. అటు నొక్కితే ఇటు లేస్తోంది. బొటనవేళ్లు కమిలిపోయాయి. చివరికి గరిటె కాడ పెట్టి ఎత్తాను. కాడ వంగింది, టైరు ఎక్కలేదు, లోపల కొత్త ట్యూబు చిరిగింది. అమ్మాయి టార్చి పట్టుకుని, "అమ్మా, రేపు చూద్దాం" అంది.

మర్నాడు చక్రాన్ని ఆటోలో వేసుకుని కాజీపేట వెళ్లాను. అక్కడ స్టేషన్ రోడ్డులో ఏళ్ల తరబడి సైకిళ్లు బాగుచేస్తున్న పెద్దాయన ఉన్నారు. అందరం కాకా అనే పిలుస్తాం. ఆయన పనిముట్లేవీ తీయలేదు. తడిగుడ్డతో నా పాత టైరు పక్క తుడిచి, వెలుతురుకు వాలుగా పట్టుకున్నారు. మురికి కింద నుంచి అక్షరాలు తేలాయి: 26 × 1⅜, దాని పక్కన చిన్నగా 37-590. కొత్త టైరు మీద 26 × 1½, 40-584.

"ఇది ఎక్కదు బిడ్డా. అంచులో ఉన్నది ఉక్కు తీగ, సాగదు" అన్నారు.

ఆ చిన్న అంకెలే అసలు కొలత. మొదటిది టైరు వెడల్పు, రెండోది రిమ్ము మీద టైరు అంచు కూర్చునే చోట వ్యాసం, రెండూ మిల్లీమీటర్లలోనే. ఆరు మిల్లీమీటర్ల తేడా ఏపాటిదని అనిపిస్తుంది. కానీ అది వ్యాసంలో తేడా. చుట్టుకొలతలో దాదాపు 19 మిల్లీమీటర్లు. అంటే నేను రెండు సెంటీమీటర్లు పొట్టిగా ఉన్న ఉక్కు తీగతో రాత్రంతా పోరాడానన్నమాట.

మరి రెండింటి మీదా 26 ఎందుకు ఉందో ఆ రాత్రి అమ్మాయి నోటుపుస్తకం వెనుక లెక్క వేస్తే తెలిసింది. 590కి రెండు వైపులా 37 కలిపితే 664. 584కి రెండు వైపులా 40 కలిపినా 664! 26 అంగుళాలంటే సుమారు 660 మిల్లీమీటర్లు. గాలి కొట్టిన టైరు బయటి ఎత్తును బట్టి పెట్టిన పేరు అది. టైరు లావైతే అదే ఎత్తు రావడానికి రిమ్ము చిన్నదవుతుంది. ఈ లెక్క కుదిరినప్పుడు నాకు కలిగిన సంతోషం చెప్పలేను. మన పెద్ద సైకిళ్ల 28 × 1½ కొలత 635. అదే ఒకటిన్నరను దశాంశంలో 28 × 1.50 అని రాస్తే 622. గేరు సైకిళ్ల 26 × 1.75 అయితే 559. భిన్నమూ దశాంశమూ లెక్కల్లో సమానం, టైర్ల దగ్గర కాదు. కొట్టులో అడగవలసింది ఆ మూడంకెల సంఖ్యనే. కొట్టువాళ్లూ దాన్నే అడిగితే ఎంత బాగుంటుంది!

590 టైరు దొరికింది. అదీ బిగుతుగానే ఉంది. కాకా ముందు రిమ్ము లోపల వేలు పెట్టి చూశారు. చువ్వల తలలు ట్యూబుకు గుచ్చుకోకుండా ఎవరో రెండు వరుసలు రబ్బరు పట్టీ చుట్టారు. ఒకటి తీసేశారు. రిమ్ము నడుమ పల్లంగా ఉంటుంది. తీగ ఆ పల్లంలోకి దిగితేనే ఎదురుగా ఉన్న అంచుకు వదులు దొరుకుతుంది. పల్లం ఒక్క మిల్లీమీటరు పూడినా చుట్టుకొలతలో ఆరు మిల్లీమీటర్ల వదులు పోతుంది.

తర్వాత నా చేతనే చేయించారు. ట్యూబు గుండ్రంగా నిలబడేంత గాలి పట్టి లోపల పెట్టాను. రెండో అంచును వాల్వుకు ఎదురుగా మొదలుపెట్టి, రెండు వైపుల నుంచీ వాల్వు దగ్గరికి వచ్చాను. వాల్వు మొదలు లావుగా ఉండి అక్కడ తీగను పల్లంలోకి దిగనివ్వదు, అందుకే అది చివర. అంచుకు సబ్బు నీళ్లు రాశాను. ఆ జానెడు మళ్లీ ఆగింది. కాకా నా చేతులను పైకి జరిపి, "ఇక్కడ కాదు, అక్కడి నుంచి తోసుకురా" అన్నారు. చక్రం పైభాగం నుంచి టైరును నలుపుతూ, తీగను నడుమకు దింపుతూ, రెండు అరచేతులతో కిందికి లాక్కొచ్చాను. మూడోసారికి అంచు మెత్తబడినట్టయింది. అరచేయి అడుగుభాగంతో తోస్తే టప్పున లోపలికి దూకింది. ఏ కాడా, ఏ కడ్డీ వాడలేదు.

వాల్వును ఒకసారి పైకి నొక్కి వదిలి, ట్యూబు ఎక్కడైనా అంచు కింద ఇరుక్కుందేమో రెండు పక్కలా చూశాం. కొద్దిగా గాలి కొట్టి చక్రం తిప్పాం. టైరు పక్కన రిమ్ముకు ఆనుకుని ఒక సన్నని గీత ఉంటుంది. అది చుట్టూ ఒకే దూరంలో కనిపించాలి. ఒకచోట లోపలికి పోయింది. గాలి తీసి, అక్కడ సబ్బు నీళ్లు రాసి మళ్లీ కొడితే సర్దుకుంది.

ముందు టైరు నెల తర్వాత ఇంట్లోనే మార్చాను, పావుగంటలో. పాడైపోయిందనుకున్న 584 టైరూ వృథా కాలేదు. పక్కింటి అబ్బాయి గేరు సైకిలు మీద 27.5 అని ఉంది. వంగి చిన్న అంకె చూస్తే, 584.