మిథిలీన్ బ్లూ, ఎర్రని వెలుగు: సింగ్లెట్ ఆక్సిజన్‌ను నిర్ధారించుకున్న నా అనుభవం

హైదరాబాద్‌లో, తార్నాక ప్రాంతంలోని ఒక ప్రయోగశాలలో, నా ఎమ్మెస్సీ ప్రాజెక్టుగా ఇచ్చిన పని వినడానికి చిన్నదే: మిథిలీన్ బ్లూ అనే నీలి రంగు ద్రావణంపై ఎర్రని వెలుగు పడినప్పుడు పుట్టేది సింగ్లెట్ ఆక్సిజనేనని (మామూలు దానికంటే ఎక్కువ శక్తి గల ఆక్సిజన్ రూపం) నిరూపించాలి.

ఈ రంగు నీటిలో 664 నానోమీటర్ల దగ్గర కాంతిని గట్టిగా గ్రహిస్తుంది. అలా ఉత్తేజితమైన అణువుల్లో చాలా భాగం ట్రిప్లెట్ అనే ఉత్తేజిత స్థితికి చేరి, అక్కడ కాస్త ఎక్కువసేపు నిలుస్తాయి కనుక, నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్‌ను ఢీకొనే వ్యవధి వాటికి దొరుకుతుంది. ఎలక్ట్రాన్ల మార్పిడి జరిగితే సూపర్ ఆక్సైడ్, దాని వెంట హైడ్రోజన్ పెరాక్సైడ్, హైడ్రాక్సిల్ రాడికల్ (జతలేని ఎలక్ట్రాన్ వల్ల చాలా చురుకైనది) ఏర్పడతాయి. శక్తి నేరుగా ఆక్సిజన్‌కు బదిలీ అయితే, మామూలు ఆక్సిజన్ కంటే మోలుకు దాదాపు 94 కిలోజౌళ్లు ఎక్కువ శక్తి గల సింగ్లెట్ ఆక్సిజన్ వస్తుంది. రెండు దారులూ ఒకే పాత్రలో సాగగలవు; అసలు చిక్కు అదే.

సింగ్లెట్ ఆక్సిజన్ 1270 నానోమీటర్ల వద్ద వెలువరించే అతి మందమైన కాంతిని పట్టే పరికరం మాకు లేదు. అందుకని, దానితో కలిసి ఎండోపెరాక్సైడ్ అనే కొత్త పదార్థంగా మారే, నీటిలో కరిగే ఒక ఆంత్రసీన్ ఉత్పన్నాన్ని చేర్చి, 380 నానోమీటర్ల పరిసరాల్లో దాని శోషణ ఎంత వేగంగా తగ్గుతోందో స్పెక్ట్రోఫోటోమీటర్‌లో చూశాను. చీకటిలో ఉంచిన ద్రావణం, రంగు కలపని ద్రావణం, నైట్రోజన్ పంపి ఆక్సిజన్‌ను తరిమేసిన ద్రావణం పక్కన లేకుండా ఆ తగ్గుదలకు ఏ విలువా లేదని నా గట్టి నమ్మకం. గాఢత పెరిగితే రంగు అణువులు జంటలుగా అతుక్కుని ఎలక్ట్రాన్ల దారికే మొగ్గుతాయి కాబట్టి ద్రావణాన్ని బాగా పలుచగా ఉంచాను.

సింగ్లెట్ ఆక్సిజన్‌ను అణచివేసే సోడియం అజైడ్ కలపగానే తగ్గుదల నెమ్మదించింది. అయినా మా మేడమ్ ఒప్పుకోలేదు. "అజైడ్ హైడ్రాక్సిల్ రాడికల్‌ను కూడా వదలదమ్మా, అదొక్కటే సాక్ష్యం కాదు" అన్నారు. ఆ మాట నాకు ఎంతో మేలు చేసింది. మామూలు నీటిలో సింగ్లెట్ ఆక్సిజన్ సుమారు 4 మైక్రోసెకన్లే బతుకుతుంది. భారజలంలో (హైడ్రోజన్ బదులు దాని బరువైన రూపం డ్యుటీరియం ఉన్న నీరు; మన మణుగూరులో తయారయ్యేది ఇదే) 60 మైక్రోసెకన్లకు పైగా నిలుస్తుంది. రాడికళ్లకు ఇంత తేడా ఉండదు. కాంతి, గాఢత, ఉష్ణోగ్రత ఏవీ మార్చకుండా ద్రావణిని మాత్రమే మార్చి మళ్లీ కొలిచినప్పుడు, భారజలంలో శోషణ తగ్గుదల గీత మామూలు నీటి గీత కంటే ఎన్నో రెట్లు నిటారుగా దిగింది. ఆ సాయంత్రం గ్రాఫు చూసి మేడమ్ ఇక ఏ ప్రశ్నా అడగకుండా, అదే పద్ధతిలో రోజ్ బెంగాల్ అనే మరో రంగును మొదలుపెట్టమన్నారు.