అడుగు కలపని డబ్బా: నా ప్లాస్టిక్ వానపాముల గోల

డాలస్ వచ్చాక నాకు పట్టుకున్న పిచ్చి బాస్ చేపలకి గాలం వెయ్యడం. ఎరగా కొన్న ప్లాస్టిక్ వానపాములు రెండు కాట్లకే చిరిగిపోతుంటే, ఇంట్లోనే పోసుకుందాం అనుకున్నాను. అల్యూమినియం అచ్చు, ప్లాస్టిసాల్ (వేడిచేసి అచ్చు పోసే ద్రవ ప్లాస్టిక్) డబ్బా, రంగు, గరాజ్‌లోకి ఒక పాత మైక్రోవేవ్ కొన్నాను. ఆ మైక్రోవేవ్‌లో మళ్లీ అన్నం వేడిచెయ్యకూడదు, గుర్తుంచుకోండి.

పొయ్యడం సులువే. పాలలా ఉన్న ద్రవాన్ని గాజు కప్పులో పోసి, మధ్యమధ్య కలుపుతూ వేడిచేస్తే ముందు ముద్దకడుతుంది. 350 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర పల్చబడి తేటగా అవుతుంది. అప్పుడు అచ్చులో పొయ్యాలి. అచ్చులో నీటి చుక్క ఉంటే వేడి ప్లాస్టిక్ చిట్లి మీద పడుతుంది. మాడితే పసుపెక్కి ఘాటు పొగ వస్తుంది, గరాజ్ తలుపు తీసే ఉంచండి.

నా ప్రాణం తీసింది గట్టిదనం. మొదటి నాలుగు కప్పులు ఎంత మెత్తగా వచ్చాయంటే, గాలం విసిరితే హుక్ నీళ్లలో, పురుగు గట్టు మీద. షాపతను హార్డెనర్, అంటే గట్టిపరిచే మందు, అమ్మాడు. కొన్నాళ్లు బాగానే వచ్చాయి. డబ్బా సగం దాటాక, అదే కొలతతో చెప్పు అడుగులా బిగుసుకుపోయాయి. ఈసారి మెత్తబరిచే సాఫ్ట్‌నర్ అమ్మాడు. మూడోసారి వెళ్తే నా పురుగుని నలుగురి ముందూ నొక్కి చూసి, "పెన్సిల్ రబ్బర్లు చేస్తున్నావా?" అని నవ్వాడు. డబ్బా ఊపావా అని మాత్రం ఒక్కసారీ అడగలేదు! అడిగితే సీసాలు అమ్ముడుపోవుగా.

ఆ ఆదివారం అమ్మ వీడియో కాల్‌లో ఉండగా నా ఏడుపు చెప్పుకున్నాను. "అడుగు నుంచి కలిపావురా? ఆవకాయ జాడీలో పైపైన తీస్తే నూనే వస్తుంది, అడుక్కి పోతే పిండే వస్తుంది" అంది. కర్ర పెట్టి చూస్తే డబ్బా అడుగున సున్నంలా అంగుళం మందాన ముద్ద. ప్లాస్టిసాల్ అంటే నూనెలో కలిపిన పీవీసీ ప్లాస్టిక్ పొడే; ఆ పొడంతా కిందికి దిగి, మెత్తబరిచే నూనె పైన తేలింది. నేను ముందు నూనె ఎక్కువున్న భాగం, తర్వాత పొడి ఎక్కువున్న భాగం పోశానన్నమాట. "వాడేముందు బాగా ఊపండి" అని డబ్బా మీదే ఉంది. ఇంజినీరింగ్ చదివినవాణ్ణి, లేబుల్ చదవలేదు.

కొత్త డబ్బాని ఐదు నిమిషాలు ఊపి, ఏమీ కలపకుండా పోశాను. వేడి మీద నొక్కి నిర్ణయించకండి, ఒక రోజు ఆగండి. తల పట్టుకుంటే తోక దానంతటదే వణకాలి. బరువు కట్టకుండా వేసేవాటికి అంత మెత్తదనం కావాలి. హుక్ మొనని పురుగులోనే దాచి నాచులో లాగే టెక్సాస్ రిగ్‌కి మాత్రం కాస్త గట్టివే నయం. నా పురుగుల్ని చూసి గట్టు మీద ఇద్దరు ఎక్కడ కొన్నావని అడిగారు, చెప్పలేదు.

పాడైన గట్టివి పారెయ్యలేదు. ముక్కలు చేసి, దండగని కొన్న సాఫ్ట్‌నర్‌తో మళ్లీ కరిగించాను. రంగులన్నీ కలిసి బురద రంగొచ్చింది. శనివారం రెండు బాస్‌లు పడింది వాటికే.