కింతామణి బఫేకు పోతే కొండ కనిపించదు: నా అనుభవం

బాలి నుంచి వచ్చినప్పటి నుంచి నల్లగొండలో ఎదురైన ప్రతి మనిషీ ఖర్చెంతయిందనే అడుగుతున్నడు. ఖర్చు ముచ్చట తర్వాత. బాలిలోని కింతామణి కొండల్లో బాతూర్ అగ్నిపర్వతం చూద్దామని పైసలు కట్టి పోయినోళ్ళకు తెల్లటి మబ్బు చూపించి, ముందర ఇంత నూడుల్స్ పెట్టి వెనక్కి తోలే యాపారం ఒకటి అక్కడ నడుస్తోంది. దాన్ని ఇక్కడ కూర్చొని అమ్మేది మన ఏజెంట్లే. కోపం చల్లారకముందే రాస్తున్నా.

కాగితాల పని తేలిక. పాస్‌పోర్టుకు కనీసం 6 నెలల గడువు ఉండాలి. వీసా ఆన్ అరైవల్ 5 లక్షల రుపియా (బాలి ఉన్న ఇండోనేషియా డబ్బు), 30 రోజులకు. ముందే ఆన్‌లైన్‌లో కట్టుకుంటే అక్కడ లైను తప్పుతుంది. సైటు పేరు చివర 'గో డాట్ ఐడీ' ఉంటేనే అది వాళ్ళ ప్రభుత్వానిది, మిగతావి కమీషన్ దుకాణాలు. 2024 ఫిబ్రవరి నుంచి విదేశీ టూరిస్టులకు బాలి పన్ను ఇంకో లక్షన్నర రుపియా. దిగే ముందు 3 రోజుల్లోపు అరైవల్ ఫారం నింపాలి, దానికి పైసా అక్కర్లేదు. సున్నాలు చూసి పరేషాన్ కావద్దు. మూడు సున్నాలు కొట్టేసి అయిదున్నరతో గుణిస్తే మన రూపాయల్లో ఇంచుమించు లెక్క తేలుతుంది.

అమ్మానాయినలను తీసుకపోయేవాళ్ళకు ఒక మాట. పదో తరగతి పాసవ్వని వాళ్ళ పాస్‌పోర్టు మీద ఈసీఆర్ అని ఉంటుంది, అంటే కొన్ని దేశాలకు పనికి పోవాలంటే మన ప్రభుత్వం క్లియరెన్స్ కావాలని. అట్లాంటి 18 దేశాల్లో గల్ఫ్ దేశాలతో పాటు ఇండోనేషియా కూడా ఉంది. టూరిస్టుగా పోతే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అక్కర్లేదు. అయినా కౌంటర్ దగ్గర "పనికి పోతున్నరా?" అని నిలబెడతరు. తిరుగు టికెట్, హోటల్ బుకింగ్, వీసా ప్రింటు వాళ్ళ చేతిలోనే పెట్టండి, ఫోన్‌లో ఉందంటే ఇనరు. 50 ఏళ్ళు దాటితే ఈసీఆర్ తీసేయించుకునే వీలుంది. పాస్‌పోర్టు రెన్యువల్ అప్పుడే ఆ పని చేయించండి.

ఇక అసలు సంగతి. ఏజెంటు ఇచ్చిన కాగితంలో "కింతామణి వోల్కానో వ్యూ విత్ లంచ్" అని ఉంటుంది. దాని వెనక రోజు ఎట్లా నడుస్తదంటే: తొమ్మిదికి హోటల్ నుంచి బయల్దేరదీస్తరు. బాతుబులన్‌లో బారోంగ్ నాట్యం. సెలుక్‌లో వెండి దుకాణం. మాస్‌లో చెక్క బొమ్మలు. ఆ మీదట పునుగు పిల్లి పెంటలోంచి ఏరిన గింజల కాఫీ. ప్రతి చోటా డ్రైవరుకు కమీషన్ ఉంటది కాబట్టి ఏదీ తప్పదు. కింతామణిలో కొండ అంచు మీదుండే పెనెలోకాన్ చేరేసరికి పన్నెండున్నర. అద్దాల రెస్టారెంటు, వరుసగా బఫే గిన్నెలు, అద్దం అవతల మజ్జిగ పారబోసినట్టు తెలుపు. ఏజెంటుకు ఫోన్ చేస్తే వచ్చిన జవాబు: "నేచర్ కదన్నా, మన చేతుల ఏముంది? మీకు లక్కు లేదు."

లక్కు కాదు, గడియారం. పగలు ఎండకు కొండ వాలు వేడెక్కుతుంది, సముద్రం మీది తేమగాలి ఆ వాలు పట్టుకొని పైకి పాకుతుంది. పైకి పోయేకొద్దీ చల్లబడి మబ్బు కడుతుంది. రాత్రంతా గాలి చల్లబడి కిందికి దిగుతుంది కనుక తెల్లారుజామున అంచు శుభ్రంగా ఉంటుంది. తొమ్మిది, పది దాటినంక ఏ నిమిషానైనా మూసుకపోవచ్చు. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా వానలు తక్కువ, ఆ నెలల్లో కూడా మధ్యాహ్నాన్ని నమ్మొద్దు. మన నల్లమలలోని ఫర్హాబాద్ వ్యూ పాయింటుకు పోయినట్టు తీరిగ్గా తిని పోతామంటే నడవదు. ఈ సంగతి బాలిలో ప్రతి డ్రైవరుకూ తెలుసు. పొద్దుగాలే పోతే దార్లో ఒక్క దుకాణం కూడా తెరిచి ఉండదు, వాళ్ళ బాధ అది.

కాబట్టి ప్యాకేజీలోంచి ఆ ఒక్క రోజు తీసేయించండి. ముందు రాత్రి ఉబుద్ ఊళ్ళో పడుకోండి, అక్కణ్ణుంచి గంట చాలు. బీచ్ ఉన్న కూటా వైపు నుంచైతే రెండు గంటలు పడుతుంది. సొంతంగా కారు మాట్లాడుకొని, "దుకాణం ఏదీ వద్దు, ఐదింటికి బయల్దేరాలి" అని వాట్సాప్‌లో రాయించుకోండి. నోటి మాట సరిపోదు. కమీషన్ పోతుంది కనుక నాలుగు పైసలు ఎక్కువ అడుగుతడు, ఇచ్చేయండి. సూర్యోదయం ఏడాదంతా ఇంచుమించు ఆరు, ఆరున్నర మధ్యే. మన గడియారం కంటే రెండున్నర గంటలు ముందు, ఫోన్ టైము మారిందో లేదో చూసుకోండి. అంచు మీద తెల్లవారుజామున 15 డిగ్రీల దగ్గర ఉంటది. ఊళ్ళో ఎండలకు అలవాటుపడ్డ ఒంటికి స్వెటర్ లేకపోతే ఐదు నిమిషాలు నిలబడలేం.

పెనెలోకాన్ రోడ్డు పక్కన గోడ దగ్గర నిలబడి కిందికి చూడండి. ఎదురుగా 1717 మీటర్ల బాతూర్. దాని కాళ్ళ దగ్గర నల్లగా, గడ్డి కూడా సరిగ్గా మొలవని నేల, 1963లో పారిన లావా. కుడి చేతి వైపు చెరువు, చెరువు అవతల అబాంగ్ కొండ. సూర్యుడు అటు నుంచే వస్తడు కనుక వెలుగు అడ్డంగా పడి లావా మడతలు ఒక్కొక్కటీ విడివిడిగా లేచి కనిపిస్తాయి. ఎనిమిది దాటినంక అదే నేల మసి పూసినట్టు చదునైపోతుంది. మీరు నిలబడ్డ చోటు కూడా పాత అగ్నిపర్వతం అంచే: ఒకప్పటి పెద్ద పర్వతం కూలి, సుమారు 14 కిలోమీటర్ల పొడుగు, 10 కిలోమీటర్ల వెడల్పు గుంట మిగిలింది. 1926లో లావా పారి, గుంటలో ఉన్న బాతూర్ ఊరిని, గుడిని మింగేసింది. ఊరోళ్ళు దేవతను తీసుకొని పైకొచ్చి కట్టుకున్నదే అంచు మీది ఊలున్ దాను బాతూర్ గుడి. బఫేకు వచ్చిన బస్సులు ఆ గుడి ముందర ఆగవు.

కొండెక్కేవాళ్ళు నాలుగింటికల్లా కింద నుంచి మొదలుపెట్టాలి, రెండు గంటల ఎక్కుడు. స్థానిక గైడు లేకుండా పోనియ్యరు, వాదించి లాభం లేదు. తలకు కట్టే లైటు, పట్టున్న బూట్లు కావాలి. ఎక్కేటప్పటి కంటే దిగేటప్పుడే కష్టం, లావా కంకర కాలి కింద జారి మోకాళ్ళు పట్టేస్తాయి. పైన ఆవిరి పగుళ్ళల్లో గుడ్లు ఉడకబెట్టిస్తరు. ఆకాశం తేటగా ఉంటే తూర్పున లొంబోక్ ద్వీపంలోని రింజానీ పర్వతం కూడా కనిపిస్తుంది. పెద్దోళ్ళకు జీపులున్నాయి, శిఖరం దాకా పోవు గానీ పొద్దు పొడవడం చూపించి, లావా నేల మీద తిప్పి తీసుకొస్తయి.

నీళ్ళల్లో నీడ పడ్డట్టు కనిపించే లెంపుయాంగ్ గుడి ద్వారం ఫోటో గురించి కూడా అడుగుతున్నరు. ద్వారం ముందర చెరువు లేదు. ఫోన్ లెన్సు కింద అద్దం ముక్క పెట్టి తీస్తరు, నీడ పడేది అందులో. టోకెన్ తీసుకొని గంటలకొద్దీ కూర్చున్నాక మీ వంతు వచ్చేసరికి వెనకాల ఆగుంగ్ పర్వతం మబ్బులో ఉంటే అద్దంలోనూ మబ్బే వస్తది.

టికెట్లు బుక్ చేసేముందు మార్చిలో న్యేపీ ఎప్పుడో చూసుకోండి. అది బాలి వాళ్ళ శక సంవత్సరాది, కొన్నేళ్ళు మన ఉగాది దగ్గర్లోనే, కొన్నేళ్ళు నెల ముందే వస్తుంది. ఆ రోజు 24 గంటలు ఎయిర్‌పోర్టుతో సహా ద్వీపమంతా బంద్, హోటల్ గేటు దాటనియ్యరు. ఉగాది సెలవులకని టికెట్లు కొన్నోళ్ళు మా దగ్గర ఉన్నరు, వాళ్ళ ఏజెంటు ఈ ముక్క ఇంకా చెప్పలేదు.