గండికోట ఎండలో మెత్తటి పూలు

పూలను మెత్తటి వెలుగు పొర కప్పినట్టు, అంటే సాఫ్ట్ ఫోకస్‌లో తీయాలంటే ఊటీకో కొడైకెనాల్‌కో పోవాలని, మబ్బు పట్టి ఉండాలని, కాస్త మంచు కూడా ఉంటే ఇంకా బాగుంటుందని ఫొటోలు తీసేవాళ్లు చాలామంది అంటుంటారు. నాకెందుకో అది నమ్మబుద్ధి కాలేదు. డిసెంబర్ ఆఖరులో కడప నుంచి గండికోటకు బండి మీద బయల్దేరాను, వెనక మా బావమరిది, వాడి ఒళ్లో కెమెరా బ్యాగు. బ్యాగులో చిన్నవాటిని బాగా దగ్గర నుంచి తీసే 100 ఎంఎం మాక్రో లెన్స్, దాని ముందు బిగించే అద్దం, అదే పాత యూవీ ఫిల్టర్, చిన్న వ్యాజలిన్ డబ్బా, నల్ల నైలాన్ సాక్సు, రబ్బర్ బ్యాండ్లు, అగరుబత్తి ప్యాకెట్టు. "మనం ఫొటోలకు పోతున్నామా, గుడికి పోతున్నామా బావా?" అని వాడి అనుమానం.

ఎర్రగుంట్ల దగ్గర సిమెంటు లారీల దుమ్ము తిని, ముద్దనూరు దాటి, జమ్మలమడుగులో ఎర్రకారం దోశ తిని మధ్యాహ్నానికి గండికోట చేరాం. జమ్మలమడుగు నుంచి కోట పదిహేను కిలోమీటర్లు ఉంటుంది, రోడ్డు బాగానే ఉంది.

సాఫ్ట్ ఫోకస్ అంటే ఫోకస్ తప్పిన ఫొటో అనుకుంటే ఇక మాట్లాడుకోడానికి ఏమీ ఉండదు. ఫోకస్ తప్పితే పువ్వు అంచు ఎక్కడా దొరకదు, ఫొటోను ఎంత పెద్దది చేసి చూసినా ముద్దలాగే ఉంటుంది. సాఫ్ట్ ఫోకస్‌లో అంచు ఉంటుంది, కేసరాలు విడివిడిగా కనిపిస్తాయి, దాని మీద పల్చటి వెలుగు పొర పరుచుకుని ఉంటుంది. పాత లెన్సుల్లో గోళాకార దోషం వల్ల, అంటే లెన్సు అంచుల గుండా వచ్చే కిరణాలు, మధ్యలోంచి వచ్చేవి ఒకేచోట కలవకపోవడం వల్ల, ఈ పొర దానంతటదే వచ్చేది. కానన్ వాళ్లు 1987లో ఆ దోషాన్నే కావాలని పెట్టి 135 ఎంఎం లెన్సు ఒకటి చేశారు, దాని మీద రింగు తిప్పితే మెత్తదనం పెరుగుతుంది, తగ్గుతుంది. నాకు అంత స్తోమత లేదు కాబట్టి సాక్సు.

సాక్సును లెన్సు ముందు బాగా లాగి రబ్బర్ బ్యాండు వేసి, నడిమధ్యలో వెలిగించిన అగరుబత్తితో రూపాయి బిళ్లంత కన్నం పెట్టాలి. ఇది లెన్సు మీద ఉండగా చేసే పని మాత్రం కాదు, ముందే ఒక గ్లాసు మూతికి బిగించి కాల్చుకోండి. నల్లదే ఎందుకంటే తెల్లదో చర్మం రంగుదో అయితే దాని మీద ఎండ పడి ఫొటో మొత్తం పాలిపోతుంది. ఇంకొక సంగతి, అపర్చర్, అంటే లెన్సు లోపల వెలుతురు వచ్చే దారి, ఎఫ్/2.8, ఎఫ్/4 దగ్గరే, బాగా తెరిచి ఉంచాలి. ఎఫ్/11కి పోయారంటే ఆ దారి ఇరుకై, సాక్సు కన్నంలోంచి వచ్చే వెలుతురే ఎక్కువగా వాడుకుంటుంది కాబట్టి మెత్తదనం చాలావరకు మాయమవుతుంది. వ్యాజలిన్ అయితే ఫిల్టర్ మీదే, లెన్సు మీద ఎప్పుడూ వద్దు. వేలితో రాసిన గీతలు ఎటు ఉంటే వెలుతురు దానికి అడ్డంగా సాగుతుంది, కాబట్టి కాడ నిలువుగా ఉన్న పువ్వుకు అడ్డంగా రాస్తే వెలుగు కాడ వెంబడే పైకి పోతుంది, చూడ్డానికి బాగుంటుంది. కాకపోతే మా సీమ దుమ్ములో వ్యాజలిన్ ఫిల్టర్ అరగంటకే గరుకు కాగితం అవుతుంది.

సాయంత్రం కోట వెనక, పెన్నా లోయ అంచున, ఒక తంగేడు పొద దొరికింది. అందరూ లోయ కేసి సెల్ఫీలు తీసుకుంటుంటే నేను నేల మీద పడుకుని పొద కింద నుంచి చూస్తున్నాను, మోచేతుల నిండా పల్లేరు ముళ్లు. సూర్యుడు పువ్వుకు వెనక, కొంచెం పక్కగా. సూర్యుడి వైపు తిరిగి చూస్తే రాళ్ల నీడ ముఖమే మనకు కనిపిస్తుంది కదా, అందుకే పువ్వు వెనక ఆ ఎర్రరాతి గోడ దాదాపు నల్లగా ఉంది. ఆ నలుపు మీద పసుపు రేకుల అంచులు వెలిగాయి, సాక్సు ఆ వెలుగును చీకట్లోకి లాగింది. అక్కడే నా అనుమానం తీరింది. మెత్తదనం కనిపించాలంటే పక్కన అది పరుచుకోడానికి చీకటి కావాలి, పువ్వు మీద గట్టి వెలుతురు కావాలి. ఈ రెండూ మబ్బు రోజు దొరకవు, మన దగ్గర రోజూ సాయంత్రం ఉచితంగా దొరుకుతాయి.

కంపోజిషన్ కూడా దానివల్లే మారిపోయింది. మామూలుగా పువ్వును ఫ్రేములో మూడో వంతు గీత మీద పెట్టి ఊరుకునేవాణ్ని, ఇప్పుడు ముందు చీకటి ఎంత ఉందో చూసి, అది ఏ పక్క ఎక్కువుంటే పువ్వును దానికి ఎదురు మూలకు తోసేయడం మొదలుపెట్టాను. ఒక్క పువ్వు చాలు, గుత్తి మొత్తం పెడితే వెలుగులన్నీ ఒకదాని మీద ఒకటి పడి గందరగోళం. ఒక్క జాగ్రత్త, ఆ అంచున చాలాచోట్ల కంచె లేదు. కెమెరాకు కన్ను ఆనించి ఒక్క అడుగు కూడా వెనక్కి వేయొద్దు. మా బావమరిది నా కాలు పట్టుకుని కూర్చున్నాడు పాపం.

మరుసటి పొద్దున జమ్మలమడుగు పక్క నల్లరేగడి చేలల్లో నిజంగానే మంచు పడింది. అందరూ కోరుకునే వాతావరణం! సాక్సు తగిలించి తీస్తే ఫొటోలన్నీ గంజి పోసినట్టు వచ్చాయి, వెలుతురు అంతటా ఒకేలా ఉంటే ఇక ఏది దేని మీదికి పరుచుకుంటుంది? సాక్సు తీసి జేబులో పెట్టుకుని శనగ చేలో దిగాను. శనగ పువ్వు ఊదా రంగులో చిటికెన వేలి గోరంత ఉంటుంది, మాక్రోలో నిలువెత్తుగా తీస్తే ఎఫ్/2.8 దగ్గర స్పష్టంగా ఉండే భాగం అర మిల్లీమీటరు కూడా ఉండదు, మెత్తదనానికి వేరే ఏర్పాటు ఎందుకు. ఆకుల నూగు మీద పులుపు చుక్కలు, మాలిక్, ఆక్సాలిక్ ఆమ్లాలు ఉండే చుక్కలు, మంచుతో కలిసి నిలబడి ఉన్నాయి. ప్యాంటు మోకాళ్ల దాకా తడిసి కాళ్లు దురద. ఆ పులుపు అంటిన చేయి లెన్సుకు తగలకుండా చూసుకోండి.

చేను గలాయన వచ్చి చాలాసేపు చూశాడు. "యాడ్నుంచి వచ్చినారు నాయనా? ఈ పూలల్లో ఏముంది, కాయ పట్టినాక రాండి, తినడానికన్నా ఉంటాయి" అన్నాడు. సాళ్ల మధ్యే నడవమని మాత్రం గట్టిగా చెప్పాడు, పైగా తన పొద్దుతిరుగుడు చేను కూడా చూసి పొమ్మన్నాడు.

పొద్దుతిరుగుడు విషయంలో చాలామందికి ఒక భ్రమ ఉంది, అది రోజంతా సూర్యుడి వెంట తిరుగుతుందని. లేతగా, ఎదిగే దశలో ఉన్నంతవరకే తిరుగుతుంది, బాగా విచ్చుకుని ముదిరిన పువ్వు తూర్పుకు తిరిగి ఆగిపోతుంది. పొద్దున త్వరగా వేడెక్కుతుంది కాబట్టి తేనెటీగలు కూడా ఎక్కువ వస్తాయి. ఫొటో తీసేవాడికి దీని అర్థం ఏమిటంటే, పొద్దున వెనక నుంచి ఎండ తగిలే పువ్వు కావాలంటే దాని వీపు తీసుకోవాలి, ముఖం కావాలంటే సాయంత్రం దాకా ఆగాలి. మేం ఆగాం. మధ్యాహ్నం వేపచెట్టు కింద నిద్ర.

నాలుగున్నర దాటాక తూర్పు గట్టున కూర్చుని పడమరకు చూస్తే, పువ్వులన్నీ మావైపు, సూర్యుడు వాటి వెనక. రేకులు దీపం పెట్టినట్టు ఉన్నాయి, మధ్యలో గింజల చక్రం నల్లగా. మళ్లీ సాక్సు వేశాను. లెన్సుకు ఆనేంత దగ్గరగా ఒక ఆకును అడ్డం పెట్టి దాని అంచు మీదుగా తీస్తే కింద భాగమంతా ఆకుపచ్చ పొగలా కరిగిపోయింది, అడ్డదిడ్డంగా ఉన్న కాడలన్నీ దాంట్లో దాక్కున్నాయి. ఫోకస్ మాత్రం చక్రం అంచున, రేకు మొదలయ్యే చోట. అది ఒక్కటి గట్టిగా ఉంటే మిగతాదంతా ఎంత మెత్తబడినా కన్ను ఒప్పుకుంటుంది.

మా బావమరిది మిగిలిన సాక్సు ముక్క తన ఫోన్ కెమెరా మీద లాగిపట్టి తీశాడు. ఫోన్ లెన్సు చిన్నది కదా, కన్నాలతో పని లేదు, పొర మొత్తం అడ్డం పడుతుంది. నాకైతే అది మరీ ఎక్కువ అనిపించింది, వాడు మాత్రం ఎర్రగుంట్ల చేరేలోపే దాన్ని వాట్సాప్ డీపీగా పెట్టుకున్నాడు.