షాకుడోకి రంగు రావడానికి నాకు ఆరుసార్లు పట్టింది

నిన్న రాత్రి పదకొండున్నరకి రంగు వచ్చింది, నిద్ర పట్టక ఇప్పుడే రాస్తున్నా. మాది కంసాలి పని చేసే కుటుంబం, తాతా నాన్నా కుంపటి ముందే బతికారు, నేను డల్లాస్‌లో గ్యారేజ్‌లో నగలు చేస్తా. ఏడాదిగా జపాన్ వాళ్ల లోహపు పని పట్టుకున్నా. ఒకప్పుడు కత్తుల అలంకరణకి చేసిన పని ఇది, 1876లో కత్తి పెట్టుకుని తిరగడం నిషేధించాక చాలామంది పనివాళ్లు కూజాలు, అలంకార వస్తువుల వైపు మళ్లారు.

ఆ పనిలో వాడే షాకుడో అంటే రాగిలో కొంచెం బంగారం కలిపిన లోహం, దానికి నల్ల రంగు తెప్పించాలి. 48 గ్రాముల రాగి, 2 గ్రాముల బంగారం మూసలో కరిగించి పోత పోసి, రేకు సాగదీసి లాకెట్ కోశా. ఇదంతా మనకి తెలిసిన పనే, ఒక్క పూట.

ఏడిపించింది రంగు. ఆ రంగు తెప్పించే పద్ధతిని నిఇరో అంటారు. మైలుతుత్తం, రోకుషో (మన ఇత్తడి బిందెకి పట్టే చిలుము లాంటిదే) నీళ్లలో వేసి మరిగించి, వస్తువుకి తురిమిన ముల్లంగి రుద్ది అందులో ముంచాలి. నాకు ప్రతిసారీ సగం నలుపు, సగం గోధుమరంగు మచ్చలు.

డబ్బు కట్టి వర్క్‌షాప్‌కి వెళ్తే అక్కడి టీచర్ నా లాకెట్ అందరి ముందు పైకెత్తి చూపించి, చేతులు కడుక్కోకుండా పట్టుకున్నారా అని అడిగాడు. పన్నెండు మంది చూస్తున్నారు, నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. పోనీ తప్పెక్కడో చెప్పాడా అంటే అదీ లేదు! నేర్పడానికి ఫీజు తీసుకున్నవాడు తప్పు చూపించాలి, మనిషిని కాదు.

తర్వాత నాకు నేనే పట్టుకున్నా. మెషీన్ మీద బఫ్ చేస్తే పాలిష్‌లోని మైనం లోహానికి పట్టేస్తోంది, రంగు అక్కడ ఎక్కట్లేదు. పైగా స్టీల్ పటకారు ముంచేవాణ్ణి, మైలుతుత్తంలో ఇనుము పెడితే దాని మీద రాగి ఎక్కి నీళ్లు పాడవుతాయి. ఈసారి బఫ్ మానేసి బొగ్గుతో నీళ్లు పోస్తూ రెండు గంటలు రుద్దా, నీళ్లు పోస్తే చుక్కలుగా విడిపోకుండా పరుచుకునేదాకా కడిగా, రాగి తీగకి వేలాడదీసి కదుపుతూనే ఉన్నా. కుళాయి నీళ్లు వద్దు, డిస్టిల్డ్ వాటర్ కొనండి. ఆ గిన్నె మళ్లీ వంటకి వాడకండి. లాకెట్ పైకి తీస్తే నేరేడు పండు నలుపు, ఒక్క మచ్చ లేదు. ఇంత సమంగా వచ్చింది ఆ వర్క్‌షాప్‌లో ఎవరి దగ్గరా చూడలేదు.

నాన్నకి వీడియో కాల్‌లో చూపించా. బంగారం కలిపి నల్లగా చేశావేంట్రా అన్నాడు. ఫోన్ దగ్గరికి పెట్టమని చాలాసేపు చూసి, గీత ఎక్కడా లేదే, దేంతో రుద్దావు అన్నాడు. బొగ్గుతో అన్నా.

దేని బొగ్గు? అని అడిగాడు.